మూడు వేల పైన

లైతుమ్‌ఖ్రా సందులో వాన
మూడు రోజులుగా ఒకే శ్రుతిలో కురుస్తోంది.
వీపున గిటారు, సంచిలో ఆరు పెడళ్లు,
కోంగ్ ఇబాదాహున్ రిపేరు కొట్టు మెట్లెక్కాను.
కొట్టంటే పొట్ట విప్పిన రేడియోలు, టంకం పొగ,
నిరుటి చర్చి క్యాలెండరు,
కూచోడానికి తిరగేసిన స్పీకరు పెట్టె.

"మెరుపు పోయింది కోంగ్," అన్నాను.
"తీగ మీటగానే ముందొచ్చే ఆ చురుకు,
గోరు తగిలిన గాజుగ్లాసు లాంటిది,
ఆంప్ చేరేసరికి
దుప్పట్లోంచి మాట్లాడినట్టుంటోంది."

ఆమె పెడళ్ల వంక చూడనే లేదు.
కేబుళ్లు కొలిచింది, జానలేసి,
రిబ్బను కొలిచే కొట్టువాడిలా.
ఇటు పదిహేనడుగులు, అటు ఇరవై,
నడుమ పెడల్‌కీ పెడల్‌కీ బెత్తెడేసి తీగలు.
"దారి పొడుగైంది. నీ గిటారుది బక్కప్రాణం.
మోయలేక, పైనున్న సన్న సరుకంతా
దారిలోనే జారవిడుస్తోంది.
బఫర్ కావాలి నీకు."

బల్ల మీద మూడు పెట్టింది.
జపానుది, నీలం రంగు, నా బడి జీతంలో సగం.
గువాహటి నుంచి తెప్పించింది, ఎర్ర దీపంతో.
మూడోది పిప్పరమెంటు బిళ్లల రేకు డబ్బా:
పేరు లేదు, తొక్కే మీట లేదు,
తిప్పడానికి ఒక్క బొత్తామైనా లేదు.
"ఇదేం చేస్తుంది?"
"ఏమీ చెయ్యదు.
నువ్విచ్చిందే తిరిగిస్తుంది. కాకపోతే
తొణక్కుండా మోసుకెళ్లే సత్తువతో ఇస్తుంది."

ఏమీ చెయ్యనిదానికి డబ్బు పోశానంటే
మా డ్రమ్మరు బాన్‌తెయ్‌లాంగ్ వారం రోజులు నవ్వుతాడు.

ఒక్కొక్కటే తగిలించి వాయించాను.
జపానుది అద్దం, మరీ తుడిచిన అద్దం.
గువాహటిది జలుబు చేసిన గొంతు.
రేకు డబ్బాతో
నా గిటారే నాకెదురొచ్చింది,
కొన్న రోజు కట్టుకున్న గొంతుతోనే.

ఉత్సాహం ఆగక దాన్ని ఫజ్ ముందు గుచ్చబోతే
ఆమె నా మణికట్టు పట్టుకుంది.
"అక్కడొద్దు. లోపలున్నది పాత జర్మేనియం.
గిటారు తిన్నగా వచ్చి దాని ఒళ్లో పడాలి,
మధ్యవర్తిని చూస్తే మొండికేసి కీచుమంటుంది.
వెనక పెట్టు.
కొందరి మధ్యకి మనం దూరకూడదు పిల్లా."

"మీకు ఏది బాగుంది కోంగ్, మూడింట్లో?"

నోట్లో క్వాయ్ ముద్ద
ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చింది.
"నాకెలా తెలుస్తుంది?
మూడు వేల కంపనాల పైన నాకు వినబడదు.
పెళ్లిళ్లకీ ఎన్నికలకీ మైకులు నడిపాను,
జనరేటరు పక్కన, పన్నెండేళ్లు.
ఎడమ చెవి అయితే రెండు వేల దగ్గరే తలుపేసేస్తుంది."

చెవిటివాడి ముందు శంఖమని
నాలుక చివరిదాకా వచ్చిన సామెతని
సిగ్గుతో మింగాను.
ఇలాంటి డబ్బాలు నలభై చేసిందట ఇప్పటికి.
ఆసిలోస్కోపు మీద ఆకుపచ్చ గీత చూసుకుంటూ
అంచులు ఒరుసుకోకుండా నిలిస్తే సగం పని అయినట్టే.

"మిగతా సగం మీ మొహాల్లో చూస్తా.
మొదటిదానికి కనుబొమలెత్తావు, మెప్పుదల అది, ఇష్టం కాదు.
రెండోదానికి ముక్కు చిట్లించావు.
మూడోదానికి
వాయించడం ఆపి తలుపు వైపు చూశావు,
ఎవరో పిలిచినట్టు."

తొమ్మిది వందలంది. బేరమాడలేదు.
తడిసిన నోట్లు ఆమె బల్ల మీద ఆరబెట్టుకుంటుంటే,
సంచి కట్టేసినదాన్ని మళ్లీ విప్పాను.
డబ్బా తగిలించి
పన్నెండో మెట్టు మీద సన్నతీగ మీటాను,
బల్బు కిందికి జరిగి,
నా మొహం ఆమెకి బాగా కనబడేలా.