కుదువ చీటీ

తిరపతిలో ఎండకు కరువా అంటే
ఎవురైనా నవ్వుతారు.
చిత్తి కార్తె రాకముందే
బస్టాండు తారు చెప్పులకు అతుక్కునే ఊరిది.

నేను మాత్రం పద్దెనిమిదేండ్లుగా
ఆస్పత్రి కింద అంతస్తులో,
సీసం రేకు తాపిన తలుపు వెనక
ఎముకల బొమ్మలు తీస్తా ఉండా.

ఈ పొద్దు వచ్చినామె రెడ్డిరాణి. ఇరవై ఆరేండ్లు.
రేణిగుంట కాడ సెల్‌ఫోన్లు బిగించే కంపెనీ.
చీకట్లో ఎక్కే బస్సు, నీలం పరదాల కిటికీలు,
చీకట్లోనే దించే బస్సు.
ఆదివారమంతా హాస్టల్లో నిద్ర.
"మెట్లెక్కితే తొడలు మాట వినవన్నా.
మోకాళ్లమెట్టు యాడో పైన ఉండాది,
నా మోకాళ్లు అలిపిరి కాడే కూలబడినాయి."

కదలొద్దమ్మా అన్నా.
తొడెముక మెడ కాడ సన్నటి గీత,
పలక మీద బలపం జారినట్ట.

తినక కాదు.
వాళ్లమ్మ పాకాల నించి పంపే రాగిపిండి ఉంది,
రాత్రిపూట గలాసు పాలున్నాయి.
సున్నం పేగు దాకా వస్తానే ఉంది,
పాలవ్యాను గేటు ముందర హారన్ కొట్టినట్ట.
తాళంచెవి ఎండ చేతిలో ఉంది.
ఎండ కంపెనీ గోడకు బయట ఉంది.
(ఊరిబిండి మానేసిందంట, బరువు పెరుగుతానని.
చెనిక్కాయల్లోని మెగ్నీషియం చాలకుంటే
ఆ తాళంచెవికి పండ్లు కూడా అరిగిపోతాయి.)

గుండె కొట్టుకోవాలంటే
నెత్తురుకు రోజూ ఇంత సున్నం కావాల.
గొంతులో కందిబద్దంత గ్రంథులు నాలుగు
పోయి ఎముక తలుపు కొడతాయి:
ఉండేది ఇయ్యి.
ఎముక ఇస్తుంది. చీటీ అడగదు.
జోడుగా ఉండాల్సిన భాస్వరం
ఒంటేలెమ్మట పోతుంది.

అందుకే నెత్తురు కాగితంలో
సున్నం సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది,
నగలు కుదువపెట్టిన ఇంట్లో
పెండ్లి ఘనంగా జరిగినట్ట.
చీటీ మాత్రం నా చేతికొస్తుంది,
నల్లటి ఫిలిం మీద తెల్లటి అక్షరాలతో.

"డాక్టరు వారానికొక బిళ్ల రాస్తాడులే" అన్నా.
"బిళ్ల సరే అన్నా, షిఫ్టు ఎవురు రాస్తారు?" అనింది.
జవాబు వెతుక్కుంటా ఉంటే
బయట ఇంకో పేరు పిలిచినారు.

ఆమెకు చెప్పలేదు.
పోయిన నెల నా నెత్తురూ ఇచ్చినా.
ముప్పై ఉండాల్సిన చోట పదకొండు.

మధ్యాన్నం క్యారియర్ పట్టుకోని
మొదటిసారి మిద్దె పైకి పోయినా.
వార్డు దుప్పట్లు ఆరేస్తా ఉంది కుప్పమ్మవ్వ,
డెబ్బై దాటినా తడిబట్టల మూట భుజాన,
ఈటె మాదిరి వీపు.

"ఏమబ్బా, ఈడికొచ్చినావు?"
"ఎండ కోసం అవ్వా."
"ఎండ కోసమా!"
అని వక్కాకు పండ్లన్నీ కనపడేట్టు నవ్వి,
నా మీద పడే దుప్పటి నీడను
కొంచెం పక్కకు జరిపింది.

చొక్కా చేతులు మడిచినా.