నూట పద్నాలుగో నంబరు రాయి

విఠల్ సేటు దగ్గర నేను స్క్రూడ్రైవర్‌ని.
పార్క్‌లేన్‌లో మెట్ల కింద మిగిలిపోయిన
ఆరడుగుల దుకాణం.
ఒక గోడకి మదర్‌బోర్డులు, ఒక గోడకి పాండురంగడి పటం,
ఇద్దరం పక్కకి తిరిగితేనే పట్టేవాళ్ళం.

తొంభై ఏడులో
మానిటర్‌ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని
గుంత వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టేవాళ్ళు జనం.
సేటు ప్రతి పెట్టెకీ బొట్టు పెట్టి
పూల అంచు దుమ్ముగుడ్డ ఉచితంగా ఇచ్చి
"చెప్పులిడిసి ముట్టుకోవాలె" అని చెప్పి పంపేవాడు.
ఎందుకు సేట్ అంటే
"భయపడ్డోడు బేరమాడడు ఖదీర్."

గాజు తలుపుల షోరూములొచ్చాయి.
విప్పడానికి వీల్లేని యంత్రాలొచ్చాయి.
ఒక సాయంత్రం క్యాలికులేటర్ చాలాసేపు నొక్కి తలెత్తాడు:
"మెమరీ ధర ఏటా సగమైతది.
మట్టి ధర ఏటా రెట్టింపైతది.
ఇన్నేండ్లు తప్పు సామాను అమ్మినం."

మహేశ్వరం దాటాక పన్నెండెకరాల చెల్క.
పేరు సిలికాన్ ఎన్‌క్లేవ్.
రాళ్ళకి సున్నం కొట్టి నంబర్లు వేసింది నేనే,
ఎర్ర రంగు, మంచి కంపెనీది.
ఆదివారాలు క్వాలిస్ నిండా జనం, పులిహోర పొట్లాలు.
"ఎయిర్‌పోర్టు అగో" అని సేటు చెయ్యి చాపితే
ఆ చేతి చివర మేకలు మేస్తుండేవి.
తర్వాత నిజంగానే విమానం దిగింది.
నాకు ఆశ్చర్యమేసింది.
సేటుకి ఇంకా ఎక్కువ.

ఇందుమతి టీచర్
పద్దెనిమిది వాయిదాల్లో మా దగ్గర కంప్యూటర్ కొన్నావిడ.
"అదింకా నడుస్తోంది విఠల్‌బాబూ, ఆ నమ్మకంతోనే" అని
నూట పద్నాలుగు తీసుకుంది.
ఆ రాయికి రంగు వేస్తున్నప్పుడే
నా మడమ కింద మట్టి మెత్తగా దిగింది.
చెప్పాను.
"ఎండాకాలం సూపెడదాం" అన్నాడు.

ఒక ఏడు వాన పట్టుకుంటే వదల్లేదు.
కుంట తన జాగా తాను గుర్తుపట్టింది.
తొంభై ఎనిమిది నుంచి నూట ఇరవై ఒకటి దాకా
రాళ్ళన్నీ నీళ్ళలో.
ఆఫీసు అద్దాలు పోయాయి, నా సైకిల్ పోయింది.
సేటు ఫోన్ మాత్రం ఆపలేదు, అదొక్కటి ఒప్పుకోవాలి.
కొందరికి సగం, కొందరికి తారీఖులు,
ఇద్దరు కోర్టుకి.

టీచరమ్మ తిట్టలేదు.
ఉతికి మడతపెట్టిన పూల అంచు గుడ్డ
బల్ల మీద పెట్టింది.
"మిషను పోయిన నెలే ఆగింది. ఇది బాగానే ఉంది, నీదే."

సేటు ఆ గుడ్డ ముట్టుకోలేదు.
చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కున్నాడు.

మెట్ట మీద, రోడ్డు పక్కన,
తన ఇంటి కోసం ఉంచుకున్న ఏడో నంబరు
ఆమె పేర రాయడానికి రిజిస్ట్రారాఫీసుకి వెళితే
వేలిముద్ర దగ్గర కంప్యూటర్ ఆగింది.
"రేపు రండి" అన్నాడు గుమాస్తా.
రేపటికి సేటు మనసు ఎట్లుంటదో నాకు తెలుసు.
బల్ల కింద దూరాను.
మెమరీ కడ్డీ తీసి
పెన్సిల్ రబ్బరుతో కాళ్ళు తుడిచి
మళ్ళీ నొక్కాను. టిక్కుమంది.

ఇప్పుడు సేటు ఉప్పుగూడలో అద్దెకుంటాడు.
పాత సీపీయూ మీద కూర్చుని
ఎవరికో ఫోన్లో ఇంకో గుట్ట చూపిస్తుంటాడు.

మే నెలలో ఆ కుంట వైపు వెళ్ళాను.
నీరు తగ్గి రాయి భుజాల దాకా తేలింది.
సున్నం పోయింది.
నంబరు ఉంది.