చూడలేదు. ఎండ

దొనకొండ స్టేషన్ వెనక గదిలో
చెదలు తినగా మిగిలిన రిజిస్టర్లు పద్నాలుగు.
పేజీ పేజీ ఫోటో తీసి
అంకెలు కంప్యూటర్‌కి ఎక్కించడం నా పని.
గడికి రూపాయిన్నర.

రాసినాయన పేరు దస్తగిరి.
సున్నాని చింతగింజలా పెడతాడు,
ఏడుకి అడ్డగీత.
పాళీ ఎప్పుడు మార్చాడో కూడా ఇప్పుడు చెప్పగలను.
నూట నాలుగు. నూట ఆరు. నూట ఎనిమిది.
ఫారెన్‌హీట్‌లో రోహిణి కార్తె
ఘాటెక్కే గూడ్సుబండిలా వస్తోంది.

తరవాత తొమ్మిది గళ్ళు ఖాళీ.
మొదటి గడిలో మటుకు, తెలుగులో,
చూడలేదు. ఎండ.

మోడల్ నడిపే హైమ ఫోన్‌లో అంది:
"ఖాళీ అయితే ఖాళీ అనే పెట్టు,
మోడల్ నింపుకుంటుంది."

మోడల్‌కి దొనకొండ ఒక చదరం.
అందులోనే కురిచేడు, అందులోనే ఒక గుట్ట,
ఎండిన వాగు, ఎవరివో గొర్రెలు.
అందరికీ కలిపి ఒకే ఎండ.
ఎప్పటివో ఓడలు సముద్రం మీద కొలిచిన గాలినీ
మద్రాసులో ఎవరో చూసిన పాదరసాన్నీ పట్టుకుని
వెనక్కి నడిచి నడిచి
తొమ్మిది రోజులకీ అంకెలు పంపింది.
పెద్దది నూట పదిహేను.
పక్కనే, మర్యాదగా: అటూ ఇటూ మూడు.

పట్టాల పుస్తకం తీశాను.
గ్యాంగ్‌మేట్ మాలకొండయ్య వేలిముద్ర మీద
ఎవరో రాసిపెట్టారు:
ఏడో మైలు కాడ పట్టా పాములా వంగింది,
బండి మూడు గంటలు నిలిచింది.
చలివేంద్రం పద్దు తీశాను.
కుండలు పన్నెండు. మర్నాడు ఇరవై.
ఆ మర్నాడు కుండల లెక్క లేదు.
నీళ్ళు లేవు, అని ఉంది.

వీటిని ఏ గడిలో ఎక్కించను?

రెండున్నరకి బయటికొచ్చాను.
థర్మామీటరు పెట్టె ఉండిన దిమ్మె ఇంకా ఉంది,
గుమ్మం నించి ముప్పయ్యారు అంగలు.
చెప్పులు విడిచి నడిచాను,
పదకొండో అంగలో వెనక్కి గెంతాను.
పాయింట్స్‌మన్ నవ్వాడు:
"ఇదేం ఎండబ్బయా, ఇంకా మే రానే లేదు."

రోజుకి రెండుసార్లు
పందొమ్మిదేళ్ళు నడిచిన మనిషి
ఆరోజు ఈ గుమ్మంలోనే ఆగుంటాడు.
నిన్నటి అంకెకి ఒకటి కలిపి
నీడలో కూచుని రాసెయ్యొచ్చు,
అడిగేవాడెవడు?

చివర్న రిమార్కుల గడి ఉంది,
నలభై అక్షరాలు పడతాయి.
ఆయన మాటే కొట్టాను.
సాఫ్ట్‌వేరుకి తెలుగు రాదు,
వరసగా ప్రశ్నార్థకాలు చూపించింది.

అలాగే సేవ్ చేశాను.