ఫార్టీ వన్

డాన్‌కాస్టర్‌లో గోడౌను. రాత్రి షిఫ్టు.
రెండున్నరకి టీ తాగే వేళ
గ్లెన్ నా ముందు ఒక పుస్తకం పెట్టాడు,
తడిసిన పిల్లికూనని పెట్టినట్టు.
ఫోర్క్‌లిఫ్ట్ పరీక్షది. నూట పన్నెండు పేజీలు.
"అక్షరాలు నాకు నిలబడవు," అన్నాడు,
"చూస్తుండగానే చీమల్లా పాకిపోతాయి."
యాభై రెండేళ్ల మనిషి.
వెండింగ్ మెషీను మోతకంటే
మెల్లగా అన్నాడా మాట.

ఆదివారం వంటింటి బల్ల మీద
పేజీ పేజీకీ ఫోటో తీశాను.
కంప్యూటరు వాటిని అక్షరాలు చేసింది,
అక్షరాల్ని గొంతు చేసింది.
కుక్కరు మూడు కూతలు కూసేలోగా
మొదటి అధ్యాయం ఫైలైపోయింది.
ఆడగొంతు. దగ్గదు, తడబడదు,
ఊపిరి తీసుకోదు.
టన్ను బరువుని కూడా
రుమాలు మడిచినట్టు పలుకుతుంది.

ఒకటే చిక్కు.
పేజీ అడుగున ఉన్న అంకెని
వాక్యంలో కలిపి చదివేస్తుంది:
"ఫోర్కులు పైకెత్తి ఉండగా బండిని
ఫార్టీ వన్
వదిలి వెళ్లరాదు."
తీసేద్దామనుకున్నాను. నిద్ర ముంచుకొచ్చింది.

నాదీ ఒక రకం కుంటి చదువే.
ప్రొద్దుటూరు హాస్టల్లో ఇంగ్లీషుని
కళ్లతో నేర్చుకున్నాను, చెవులతో కాదు.
రాసిందల్లా పలికే భాషలోంచి వచ్చినదాన్ని.
ఒత్తుంటే ఒత్తి పలుకుతాం,
దీర్ఘముంటే సాగదీస్తాం.
వీళ్లు రాసి, మింగేస్తారు.
ప్లంబర్‌లో 'బ'ని, రిసీప్ట్‌లో 'ప'ని
పదకొండేళ్లు పలికాను ఈ దేశంలో.
మర్యాదకి ఎవరూ దిద్దలేదు.
గ్లెన్ ఫైళ్లు సరిచూస్తుంటే
ఆ ఊపిరిలేని పిల్ల దిద్దింది,
నా మొహం చూడకుండా.

పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించే మనిషినిచ్చారట.
బండి వదిలేముందు ఏం చెయ్యాలి అంటే
గ్లెన్ జవాబు మధ్యలో
ఫార్టీ వన్ అన్నాడట.
ఆయన పెన్ను ఆపి చూశాడట.
"నాకు అది కూడా రూలే అనుకున్నా," అన్నాడు గ్లెన్,
నవ్వాలో వద్దో తెలియక
లైసెన్సు కార్డు తిప్పి తిప్పి చూస్తూ.

నిన్న ఒక కొత్త కుర్రాడు
ఫోర్కులు గాల్లో వదిలేసి సిగరెట్టుకి బయల్దేరాడు.
ఏడో బే నుంచి గ్లెన్ కేక:
"ఫార్టీ వన్!"
కుర్రాడు ఆగాడు. వెనక్కి వచ్చాడు. దించాడు.
ఇప్పుడు గోడౌనులో అందరూ అదే అంటున్నారు.
పోలిష్ అమ్మాయిలు, సూపర్‌వైజరు కూడా.
ఎందుకని ఎవరూ అడగరు.

ఆ ఫైలు ఇంకా నా కంప్యూటర్లోనే ఉంది.
తప్పు తీసేయడానికి
రెండు నిమిషాలు పడుతుంది.