ఎత్తు తగిలే చోటు

చార్లవిల్‌లో వారానికి మూడు రోజులే నా దంతవైద్యం.
నాలుగో రోజు క్లినిక్‌కి తాళం వేసి
నెవిల్ ట్రెడ్‌వే రేకుల షెడ్డుకి పోతాను.
బల్లకి అవతలి స్టూలు నాది.

కింది దవడకి కట్టుడుపళ్లు కుదిర్చినందుకు
డబ్బుతో పాటు పని కూడా నేర్పుతానన్నాడు.
నేర్చుకుని నేనేం కాల్చాలి నెవిల్, అంటే
కాల్చడం ఎవడైనా కాలుస్తాడు, డాక్.
బిగించడం చూడు.

రైఫిల్ చెక్క ఒరలో పడుకుని ఉంది,
బోల్టు తీసేసి, గొట్టంలోంచి అవతలి వెలుతురు కనబడేట్టు.
వీపు మీద రెండు ఉక్కు కడియాలు.
పై సగాలు విప్పి, ఏది ఏ వైపుదో పెన్సిలుతో రాసి
పక్కన పెట్టాడు.

పాత స్కోపు నా చేతికిచ్చాడు.
నల్లటి ఒంటి మీద రెండు చోట్ల
నెలవంక నొక్కులు.
వంకర కడియాల్లో, బలవంతాన, ఇరవయ్యేళ్లు.
గుండు ఎడమకి పోతే బిళ్ల కుడికి తిప్పడం,
మళ్లీ పోతే మళ్లీ తిప్పడం,
ఒకరోజు బిళ్ల ఇంక తిరగలేదు.
సర్దుకుపోవడానికి కూడా
లెక్కపెట్టి ఇచ్చిన క్లిక్కులే ఉంటాయని
అతను అనలేదు. నేనే అనుకున్నాను.

మొనదేలిన రెండు కడ్డీలు
కడియాల్లో ఎదురెదురుగా పెట్టాడు.
ముక్కూ ముక్కూ తాకాలి.
తాకలేదు.
వెంట్రుకవాసి, అన్నాను పైకే.
అదేంటన్నాడు. తలలోంచి ఒకటి పీకి ఇచ్చాను.
మైక్రోమీటరులో పెట్టి కొలిచి
మీ భాషకి చూపు బాగానే ఉంది, అన్నాడు.

కింది సగాల లోపల మార్కరుతో నలుపు పూసి,
నూరుడు పేస్టు రాసి, ఉక్కు కడ్డీ ఆనించి
ముందుకీ వెనక్కీ, కాస్త తిప్పుతూ.
ఇసుక నమిలిన చప్పుడు.
అతని చెయ్యి వణుకుతోంది. కడ్డీ నాకిచ్చాడు.
నొక్కకు. దాని బరువు దానికి చాలు.

ముప్ఫై తోపులు. తుడిచి చూశాం.
ముందు కడియం ఎడమ గట్టున
గోరంత తెలుపు.
నా కుర్చీలో అయితే నీలికాగితం కొరికించి
రంగు అంటిన చోటే ఎత్తని అరగదీస్తాను.
ఇక్కడ రంగు పోయిన చోటు ఎత్తు.
తక్కినదంతా ఒకటే విద్య.

ఇంకో ముప్ఫై. తెలుపు పాకింది.
మా అమ్మమ్మ రుబ్బురోలు గుర్తొచ్చింది.
పొత్రాన్ని గుంట, గుంటని పొత్రం
కొంచెం కొంచెం తిని, ఆఖరికి
మినపగింజ దాక్కోలేనంత దగ్గరయ్యాయి.
మధ్యలో ఎన్ని తరాల పిండో.

మూలల్లో నలుపు ఇంకా ఉంది.
మొత్తం పోయేదాకా నూరనా?
వద్దు.
నాలుగింట మూడొంతులు కలిస్తే చాలు.
అంతా కలిసి తీరాలని నూరుతూ పోతే
కడియం వదులైపోతుంది, దేన్నీ పట్టుకోదు.

పేస్టు కడిగేటప్పుడు, నా వైపు చూడకుండా చెప్పాడు:
పోయిన జూలైలో గొర్రెపిల్లల మీదికొచ్చిన అడవిపంది.
తలకి గురిపెట్టాను. ఎడమకి పోయింది.
దవడ పగిలింది.
ముల్గా చెట్లలో రెండు రోజులు వెతికాను.
దొరికేసరికి నీళ్ల గుంట పక్కనే ఉంది,
తాగలేక.
నీకు చెప్పక్కర్లేదు.

చెప్పక్కర్లేదు.
దవడలు తెలిసినదాన్ని.
కిరోసిన్ గుడ్డ అతని చేతిలోంచి తీసుకుని
ఇద్దరి వంతూ నేనే తుడిచాను.

కొత్త స్కోపు పడుకోబెట్టాం.
స్క్రూలు ఐమూలగా, ఒక్కోటీ అరచుట్టు,
రెంచి టక్కుమనేదాకా, ఆ తర్వాత మరి కాదు.
బయట నీళ్లట్యాంకు కమ్మీకి తూకపుగుండు వేలాడదీశాడు.
అద్దంలోని నిలువుగీత
ఆ దారం మీద పడాలి.
కన్ను ఆనించాను.
దారం, దాని వెనక ఎర్రమట్టి, ఒక గలా పిట్ట.

ఇప్పుడు కొరకమను, అన్నాడు నెవిల్ అచ్చం నా గొంతుతో,
ఎక్కడైనా ఎత్తు తగులుతోందేమో అడుగు.

వారెగో వైపు నుంచి గాలి వచ్చింది.
దారం కదులుతోంది.
ఆగనీ, అన్నాను.