ఒకటి, పది, నూరు

కొరుక్కుపేటలో మా ఇంట్లోకి
మోకాలెత్తు నీళ్లొచ్చిన ఏడు
బీరువా అడుగు అరలో ఆల్బములు
అతుక్కుపోయి ఇటుకలయ్యాయి.
స్టూడియో సర్గుణం ఒక్కో ఫోటోని
పెనం మీంచి దోసె లేపినట్టు లేపాడు,
స్కానింగుకి బొమ్మకి మూడు రూపాయలు.
చినిగినదానిక్కూడా మూడేనా అంటే
చినిగినదానికే పనెక్కువ అన్నా, అన్నాడు.

మూడొందల పన్నెండు బొమ్మలు, ఒక్క డిస్కు.
ఇంకా చోటుందని
మా పెళ్లిమేళం క్యాసెట్టును కూడా
పాటగా మార్చి అందులోనే పడేశాడు.

ఆదివారం మధ్యాహ్నం.
రిచీ స్ట్రీట్లో బేరమాడి కొన్న ప్లేయరు
నాలుక చాపి డిస్కును మింగింది.
కాసేపు గొంతు సవరించుకుంది.
పొడుగు పేర్లు చదవడం దానికి రాదు.
సుగుణ పెళ్లి మేళం అని సర్గుణం పెట్టిన పేరు
టీవీలో సుగుణ దగ్గరే తెగిపోయి
పక్కన ఓ చిన్న అల, అల పక్కన ఒకటి.
"ఇక్కడా నీళ్లేనా" అంది సుగుణ.

ఒకటో బొమ్మ: చెక్కగుర్రం మీద సుగుణ, ఏడుపు మొహం.
తర్వాత పది: బళ్లో గుంపు ఫోటో, రెండో వరస.
ఆ తర్వాత నూరు. మా పిల్లాడి అన్నప్రాసన!
వాడు కత్తి పట్టుకున్నాడో పుస్తకం పట్టుకున్నాడో
తేలకముందే పదకొండు,
వాళ్లమ్మ మళ్లీ రెండు జడలతో.
ఒకట్లు, పదులు, వందలు
ఈ పెట్టెకి ఏ పంతులూ నేర్పలేదు.
ముందున్న అంకె మొహం చూసి
వరసలో నిలబెట్టేస్తుంది.

మేళం మాత్రం ఆగదు.
రెండొందల నాలుగులో
మా వదిన కనకవల్లి, గోడ మీద, దండ వేసి.
దాని మీద కూడా నాదస్వరమే.
పిల్లాడు రిమోట్ కోసం వెతికాడు,
సుగుణ దాని మీదే కూర్చుంది.

ఆ తర్వాత నీళ్లు తిన్నవి అయిదు.
ఊదారంగు, తెలుపు, ఒక మూల ఎవరిదో మోచెయ్యి.
సరిగ్గా అప్పుడే
మేళగాళ్లు ఊపిరి తీసుకున్న సందులో
ఎప్పుడో క్యాసెట్టులో చిక్కుకున్న వదిన గొంతు:
"నూనె పొయ్యండే, దీపం కొండెక్కుతోంది!"
ఎవరికి చెప్పిందో, పోశారో లేదో.

వెంటనే ఇరవై ఒకటి.
వదినే. పదేళ్ల పిల్ల.
ఐసుపుల్ల చీకుతోంది,
మోచేతి దాకా కారిన గులాబీరంగు.

అక్కణ్నించి మాకు వరస అడగబుద్ధి కాలేదు.
మా గృహప్రవేశంలో ఉండదు, ముప్ఫైలో ఉంటుంది.
ఫ్రిజ్ కొన్నరోజు ఉండదు, నలభై రెండులో
సుగుణ జుట్టు పట్టుకుని పేలు చూస్తుంటుంది.
చిట్టచివరిది తొంభై తొమ్మిది, అడ్డంగా పడింది:
కాశిమేడు రేవు, పడవలు, గాలికి కొంగు ఎగరేసుకుంటూ వదిన.
ముగ్గురం తలలు ఎడమ భుజం మీదికి వంచాం.
బొమ్మను తిప్పే మీట రిమోట్లో ఉంది.
ఎవరం అడగలేదు.

బుధవారం సర్గుణం చెప్పాడు,
"ముందర సున్నాలు పెట్టాలన్నా, మరిచిపోయా.
వేరే డిస్కు ఇస్తా, కాసులొద్దు."

ఆ డిస్కు వేశాం.
ఏ ఏడు ఆ ఏడే. పుట్టినవాళ్లు పెరిగారు,
జడలు ముడులయ్యాయి, అంతా పద్ధతిగా ఉంది.
రెండొందల నాలుగు.
నీళ్లు తిన్నవి అయిదు.
రెండొందల పదికి సుగుణ టీ పెట్టడానికి లేచింది.
మిగతా నూటమూడు బొమ్మలూ
ఖాళీ కుర్చీ చూసుకుంది.

పాతది ప్లేయర్లోనే ఉంది ఇప్పటికీ.
కరెంటు పోయి వస్తే దానికేం గుర్తుండదు,
మళ్లీ చెక్కగుర్రం నుంచి మొదలుపెడుతుంది.
సున్నాల డిస్కును దారం కట్టి
బాల్కనీలో వేలాడదీశాను, పావురాలు రాకుండా.
పావురాలు వస్తూనే ఉన్నాయి.