అరించు నీళ్లు

నీళ్లు కొన్నాను.
టవర్ క్లాక్ పక్క సందులో, ఇన్వర్టర్ బ్యాటరీలమ్మే అంగట్లో,
ఐదు లీటర్ల క్యాను.
"బండికా పాపా, ఇంటికా?"
కంప్యూటర్‌కి అంటే
చిల్లర లెక్కపెడుతున్న చెయ్యి ఆపి నా మొహం చూసినాడు.

మీసేవలో పద్నాలుగు నెలలు
ఊరి ఆదాయ ధ్రువపత్రాలన్నీ అచ్చుతీసి
నాకు మిగిలిన ఆదాయం ఇదిగో, మంచం మీద పరిచి ఉంది:
ట్రాక్టరు రేడియేటర్‌కి చిన్న చెల్లెలొకటి,
ఇత్తడి ఫిట్టింగులు పన్నెండు,
పిడికిట్లో ఇమిడే పంపు,
గాజులా కనబడే గొట్టాలు, గాజు కావు.
స్క్రూలన్నీ ముగ్గు గిన్నెలో.

గొట్టం వంచడం ఎవరూ నేర్పలేదు.
లోపలికి సిలికాన్ తాడు దూర్చి
హీట్ గన్ ముందర తిప్పుతా తిప్పుతా ఉంటే
ఎప్పుడు మెత్తబడిందో చేతికే తెలియాల,
సంగటి ఉడికిన సంగతి అమ్మకి తెడ్డు చెప్పినట్టు.
మొదటిది నలిగింది. రెండోది కాలింది.
మూడోది తొంభై డిగ్రీలు తిరగాల్సింది
ఎనభై దగ్గర మొండికేసింది.
ఐదోది వంగింది, ముద్దుగా.
దాన్ని కొలత తప్పి నేనే కోసుకున్నాను.
ఏడవలేదు. కాసేపు ఫ్యాను కింద కూర్చున్నాను.
మే నెల కదా,
అదీ హీట్ గన్నే.

పవర్ సప్లై పెద్ద ప్లగ్గులో
పచ్చ తీగకీ నల్ల తీగకీ పేపర్ క్లిప్పు కలిపితే
బోర్డుకి కరెంటు పోకుండా పంపొక్కటే తిరుగుతుంది.
ప్రతి కీలు కిందా టిష్యూ కాగితం మడిచిపెట్టి
ఇరవై నాలుగు గంటలు కాపలా.
అనంతపురంలో పుట్టి
నీటి చుక్క రాకూడదని మొక్కుకుంటానని
ఆ రాత్రి దాకా నాకు తెలియదు.

కింద మోటార్ వైండింగ్ అంగడి దస్తగిరి మామ
ఆధార్ నంబరు అడగడానికొచ్చి
అడగడం మర్చిపోయి కేబినెట్‌కి చెవి ఆనించినాడు,
బోరు కేసింగ్‌కి ఆనించినట్టే.
"ఎన్నించులు పడినాయి పాపా?"
"అరించు కూడా లేదు మామా."
"ఎన్నడుగుల్లో?"
"అడుగున్నర."
ఆయన నవ్వలేదు.
తొమ్మిదొందల అడుగుల నుంచి తెల్ల దుమ్ము పైకి రావడం
ఎన్నిసార్లు చూసినాడో.
"ఈ నీళ్లు యాడికి పోతాయి?"
"యాడికీ పోవు. ఇవే తిరుగుతాంటాయి."
ఆ మాటని కొంచెంసేపు వక్కలాగా దవడన పెట్టుకున్నాడు.
తర్వాత,
"మోటరు గాలి మింగుతాంది. గరగర ఇనపడలే?
ఎత్తు. ఇట్ల వంచు.
బిడ్డకి తేన్పు తెప్పించల్ల."
ఇద్దరం ఎత్తినాం, వంచినాం.
మూలల్లో దాక్కున్న బుడగలు ఒక్కొక్కటే జారి
ట్యాంకులోకొచ్చి పగిలినాయి.
గరగర పోయింది.
ఆధార్ నంబరు అడిగినాడు.

తెల్లారి ఐదింటికి
గ్రాఫిక్స్ కార్డు కింది కాగితం తడిసి ఉంది,
రూపాయి బిళ్లంత.
ఓ రింగు మెలిపడింది.
మామ తన తుప్పు డబ్బా బోర్లించి
నలభై రింగులు కొలిచి చూసి ఒకటి ఇచ్చినాడు:
"ఇది యే మోటరుదో గుర్తులేదు. పట్టుకుంటాది."
మళ్లీ ఇరవై నాలుగు గంటలు. మొదట్నుంచీ.

ఇప్పుడు బయట నలభై మూడు.
ప్రాసెసర్ యాభై ఎనిమిది, అంతకు మించి ఎక్కదు.
ఆటలో పేరు తెలియని ఊరొకటి,
రాతి రోడ్ల మీద వాన మొదలైంది,
ప్రతి గుంటలోనూ దీపాలు.
అంత వానలో నేను ఎటూ పోలేదు.
గుర్రాన్ని ఆపి, చూస్తా నిలబడినాను.

అప్పుడే మునిసిపాలిటీ ట్యాంకరు హారను.
వానని పాజ్‌లో పెట్టి బిందెలతో కిందికి పరిగెత్తినాను.
మూడు దొరికినాయి. నాలుగో బిందె దగ్గర
ఎవరిదో మోచెయ్యి, ఎవరిదో తిట్టు.

పైకొచ్చేసరికి
తెర మీద చినుకులు ఎక్కడివక్కడే గాలిలో ఉన్నాయి.
తడి చేతులు చున్నీకి తుడుచుకున్నాను.
కీబోర్డు ముట్టుకోబోయి
మళ్లీ తుడుచుకున్నాను.